గంట కొట్టేవాళ్లు లేని మొదటి ఏడాది

ఇంటర్మీడియట్ రెండేళ్లూ మీ రోజు మీ చేతిలో లేదు. తెల్లవారుజామున ఐదింటికి హాస్టల్లో గంట కొట్టేవారు. ఆరింటికల్లా స్టడీ అవర్, తర్వాత క్లాసులు, సాయంత్రం మళ్లీ స్టడీ అవర్, వారాంతంలో పరీక్ష, అది అయిన రెండు రోజులకే నోటీసు బోర్డు మీద మార్కులు. ఏ చాప్టర్ ఎప్పుడు చదవాలో, రివిజన్ ఎప్పుడు మొదలుపెట్టాలో, లైటు ఎప్పుడు ఆర్పాలో అన్నీ మరొకరు నిర్ణయించారు. ఇంటి నుంచి వెళ్లొచ్చినవాళ్ల సంగతీ దాదాపు ఇంతే. వాళ్లకు ఆ గంట ఇంట్లోవాళ్లు కొట్టారు.

ఇప్పుడు బీటెక్‌లో చేరారు. సాయంత్రం నాలుగింటికో నాలుగున్నరకో ఆఖరి పీరియడ్ అయిపోతుంది. అక్కణ్ణుంచి రాత్రి పడుకునేదాకా మిమ్మల్ని ‘ఏం చేస్తున్నావు’ అని అడిగేవాళ్లు లేరు. హోంవర్క్ చూపించమనేవాళ్లు లేరు. మొదటి మిడ్ పరీక్ష దాకా మీరు చదువుతున్నారో లేదో లెక్చరర్‌కు తెలియదు, ఇంట్లో తెలియదు, నిజం చెప్పాలంటే మీకూ సరిగ్గా తెలియదు. సెప్టెంబరులోనో అక్టోబరులోనో మిడ్ పేపర్ చేతికి వచ్చినప్పుడు తెలుస్తుంది. పదో తరగతిలో, ఇంటర్‌లో తొంభై శాతం దాటి తెచ్చుకున్న పిల్లలు ఆ పేపర్ ముందు బిత్తరపోవడం ప్రతి ఏడాదీ చూస్తున్నదే.

వాళ్లకు తెలివి తక్కువై కాదు. మొదటి ఏడాది సబ్జెక్టులు పాసవడానికి కావలసిన తెలివి ఇంటర్ గట్టెక్కిన ప్రతి ఒక్కరికీ ఉంది. తక్కువైంది తనంతట తాను పని మొదలుపెట్టే అలవాటు, తెలియని చోట నోరు విప్పి అడిగే అలవాటు. రెండేళ్లుగా వాటి అవసరం ఎవరూ రానివ్వలేదు కాబట్టి అవి పెరగలేదు. పెంచుకోవడానికి ఈ ఏడాది చాలు, కానీ కాలేజీ తెరిచిన మొదటి నెలలోనే మొదలుపెట్టాలి. ఇంజినీరింగ్ విద్యార్థులను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను, తెలుగు రాష్ట్రాల్లో ఎంపీసీ చదివినవాళ్లలో ఎక్కువమంది వెళ్లే దారి అదే కనుక. డిగ్రీలో చేరినవాళ్లకు సబ్జెక్టులు మారతాయి, అంతే.

ముందు రెగ్యులేషన్ చదవండి

చేరిన వారంలో చేయవలసిన మొదటి పని ఒకటుంది. ఏ కొద్దిమందో తప్ప చేయరు. మీ యూనివర్సిటీ వెబ్‌సైట్‌లోకి వెళ్లి మీ బ్యాచ్‌కు వర్తించే అకడమిక్ రెగ్యులేషన్ పీడీఎఫ్ దించుకోండి. 1972లో ఏర్పడిన జేఎన్‌టీయూ 2008లో హైదరాబాద్, కాకినాడ, అనంతపురం యూనివర్సిటీలుగా విడిపోయింది. అప్పటినుంచి మూడింటి నిబంధనలూ వేరు. ఒకే యూనివర్సిటీ కింద ఉన్నా అటానమస్ కాలేజీల లెక్క వేరు. అందుకే వేరే కాలేజీలో చదివే కజిన్ చెప్పింది, రెండేళ్ల కింద పాసైన సీనియర్ చెప్పింది మీకు పనికిరాకపోవచ్చు.

ఆ పీడీఎఫ్‌లో మొదట హాజరు సంగతి చూడండి. సాధారణంగా 75 శాతం ఉండాలి. 65 నుంచి 75 మధ్యలో ఆగితే అనారోగ్యంలాంటి సరైన కారణానికి ఆధారాలు చూపించి, ఫీజు కట్టి కండొనేషన్ అడగాలి. 65 కన్నా తగ్గితే ఆ సెమిస్టర్ పరీక్షలు రాయనివ్వరు. డిటెయిన్ చేస్తారు. మళ్లీ వచ్చే ఏడాది జూనియర్లతో కూర్చుని ఆ సెమిస్టరంతా చదవాలి. ఫీజు రీయింబర్స్‌మెంట్ కూడా ఈ 75 శాతంతో ముడిపడి ఉంది కాబట్టి, హాజరు పడిపోతే ఆ భారం నేరుగా ఇంటి మీద పడుతుంది.

డెబ్బై ఐదు శాతం అంటే ‘పావు వంతు ఎగ్గొట్టవచ్చు’ అని చాలామందికి ధైర్యం. లెక్క వేసి చూద్దాం. వారానికి 36 పీరియడ్లు, 16 వారాలు అనుకుంటే మొత్తం 576. అందులో 75 శాతం 432. పోయినా ఫర్వాలేనివి 144 పీరియడ్లు, సరిగ్గా నాలుగు వారాలు. ఇప్పుడు ఖర్చు చూడండి. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం ల్యాబ్ వదిలేసి ఊరి బస్సెక్కితే మూడు పీరియడ్ల చొప్పున 48 అక్కడే పోయాయి. దసరా సెలవులకు రెండు రోజులు ముందు వెళ్లి, రెండు రోజులు ఆలస్యంగా వస్తే ఇంకో 24. అక్క పెళ్లికో బావగారింట్లో గృహప్రవేశానికో మూడు రోజులు, 18. వానాకాలంలో డెంగీ వచ్చిందా, రెండు వారాలు మంచం మీదే, 72. మొత్తం 162. కావాలని ఒక్క సినిమాకు బంక్ కొట్టకుండానే గీత దాటారు. జ్వరాన్ని మీరు ఆపలేరు. శుక్రవారం బస్సును ఆపగలరు. వారం వారం మీ హాజరు మీరే ఒక నోటు పుస్తకంలో రాసుకోండి. కాలేజీ యాప్‌లో కనిపించేది ఎప్పటికప్పుడు అప్‌డేట్ కాకపోవచ్చు.

ఆ తర్వాత చూడవలసింది మార్కుల పంపకం. జేఎన్‌టీయూ హైదరాబాద్ ఆర్22 రెగ్యులేషన్‌లో థియరీ సబ్జెక్టుకు వందలో 40 ఇంటర్నల్స్, 60 ఎక్స్‌టర్నల్. కాకినాడ, అనంతపురం యూనివర్సిటీల్లో 30, 70. హైదరాబాద్ లెక్కలో ఎక్స్‌టర్నల్‌లో కనీసం 21, రెండూ కలిపి 40 రావాలి. ఇంటర్నల్స్‌లో 32 ఉన్న విద్యార్థికి ఆఖరి పరీక్షలో 21 సరిపోతుంది. 15 దగ్గర ఆగినవాళ్లకు 25 కావాలి. చూడ్డానికి నాలుగు మార్కుల తేడానే, కానీ బొటాబొటీగా రాసే రోజున బ్యాక్‌లాగ్ ఉండేదీ లేనిదీ ఆ నాలుగు మార్కులే తేలుస్తాయి. పైగా ఇంటర్నల్స్ మార్కులు ఒక్కసారి వేశాక సాధారణంగా మళ్లీ మారవు. సప్లిమెంటరీ (సప్లీ) రాసినప్పుడూ అవే మోసుకెళ్లాలి. అసైన్‌మెంట్ గడువు రోజున ఇవ్వడం, మిడ్‌కు వారం ముందు పుస్తకం తెరవడం లాంటి చిన్న పనులకే ఆ మార్కులు వస్తాయి.

రెండో ఏడాదిలోకి పంపడానికి మొదటి ఏడాది క్రెడిట్లలో కనీసం ఇన్ని రావాలన్న నిబంధన మీకు ఉందో లేదో కూడా అందులోనే తెలుస్తుంది. ఉంటే ఆ అంకెను గోడ మీద రాసి పెట్టుకోండి.

కాయితం మీద చెయ్యి కదలాలి

ఇంటర్‌లో మీరు చదివిన పద్ధతి ఒకే రకం ప్రశ్నను వందసార్లు చేయడం. దాంట్లో మేలుంది, లెక్కల్లో వేగం దానివల్లే వచ్చింది. ఇంజినీరింగ్‌లో ఆ వందసార్లకు సమయం దొరకదు, బొమ్మ మనసులో కట్టుకోవాల్సిన సబ్జెక్టులకు ఆ పద్ధతి సరిపోదు కూడా. మొదటి ఏడాదిలో పిల్లలు ఎక్కువగా భయపడే రెండు చోట్లకు తీసుకెళతాను.

ఒకటి ఇంజినీరింగ్ డ్రాయింగ్. బోర్డుకు డ్రాఫ్టర్ బిగించడం, షీటుకు మార్జిన్ గీయడం మొదటి రెండు క్లాసుల్లో వచ్చేస్తుంది. ప్రొజెక్షన్లు మొదలయ్యాక తికమక పుడుతుంది. ఫ్రంట్ వ్యూ ఎక్స్‌వై గీతకు పైన ఎందుకు వచ్చింది, టాప్ వ్యూ కిందికి ఎందుకు పోయింది? పైనుంచి చూసింది కింద ఉండటమేమిటి? ఇది బట్టీపట్టిన విద్యార్థి వస్తువు కాస్త వంగి ఉన్న ప్రశ్న రాగానే ఆగిపోతాడు. ఒక తెల్లకాయితం తీసుకుని మధ్యకు మడవండి. ఆ మడతే ఎక్స్‌వై గీత. సగం కాయితాన్ని టేబుల్ మీద పరిచి, మిగతా సగాన్ని గోడలా నిలబెట్టండి. పరిచిన సగం మీద ఒక రబ్బరు పెట్టండి. ఎదురుగా కూర్చుని చూస్తే వెనక గోడ మీద పడే ఆకారం ఫ్రంట్ వ్యూ, దాన్ని అక్కడ పెన్సిలుతో గీయండి. పైనుంచి చూస్తే రబ్బరు చుట్టూ పరిచిన కాయితం మీద వచ్చే ఆకారం టాప్ వ్యూ, దాన్నీ గీయండి. ఇప్పుడు రబ్బరు తీసేసి నిలబెట్టిన సగాన్ని వెనక్కి పడుకోబెట్టి కాయితాన్ని చదునుగా తెరవండి. ఫ్రంట్ వ్యూ మడతకు పైన, టాప్ వ్యూ కింద కనిపిస్తాయి. ఫస్ట్ యాంగిల్ ప్రొజెక్షన్ అంటే ఇదే. ఈ పని ఒక్కసారి చేతులతో చేసినవాళ్లకు ఆ సందేహం మళ్లీ రాదు. రబ్బరును కాస్త ఏటవాలుగా పెట్టి ఇంకోసారి గీయండి, రాబోయే చాప్టర్ కూడా సగం అర్థమవుతుంది.

రెండోది సీ ప్రోగ్రామింగ్. ల్యాబ్‌లో జరిగేది మీకు తెలిసే ఉంటుంది. అబ్జర్వేషన్‌లో ఉన్న ప్రోగ్రామ్‌ను చూసి టైపు చేస్తారు, అవుట్‌పుట్ వస్తుంది, సంతకం పడుతుంది, రికార్డులో ఎక్కిస్తారు. వేళ్లు పని చేశాయి గాని బుర్రకు పని పడలేదు. దీన్ని మార్చడానికి పెద్ద ప్రయత్నం అక్కర్లేదు. సంతకం అయ్యాక ల్యాబ్‌లో మిగిలిన పావుగంటలో ఆ ప్రోగ్రామ్‌లో ఒక్కచోట ఏదైనా మార్చండి. రన్ చేసేముందు అవుట్‌పుట్ ఏమొస్తుందో కాయితం మీద రాయండి, తర్వాత రన్ చేసి పోల్చండి. ఉదాహరణకు ఇఫ్ షరతులో ఒక వేరియబుల్ పక్కన రెండు ఈక్వల్ గుర్తులు ఉండాల్సిన చోట ఒకటే పెట్టి, అవతల ఐదు అంకె వేయండి. కంపైలర్ వార్నింగ్ ఇచ్చినా ఇవ్వకపోయినా ప్రోగ్రామ్ నడుస్తుంది. ‘ఆ వేరియబుల్ విలువ ఐదేనా’ అని అడగాల్సింది పోయి, దాంట్లో ఐదు పోసేస్తుంది. సీలో సున్నా కానిదంతా నిజమే కాబట్టి ఆ షరతు ప్రతిసారీ నెగ్గుతుంది. ఈ తప్పు మీరే కావాలని చేసి, ఎందుకలా వచ్చిందో మీరే కనుక్కుంటే, మూడో ఏడాదిలో అర్ధరాత్రి ప్రాజెక్టులో ఇలాంటిది తగిలినప్పుడు గుర్తుపడతారు. పేపర్ మీద రాసిన అంచనా తప్పడమే ఇక్కడ చదువు. అంచనా వేయకుండా రన్ కొడితే ఏమీ నేర్చుకోరు.

మ్యాథ్స్‌కు, ఫిజిక్స్‌కు, ఎలక్ట్రికల్‌కు కొత్తగా చెప్పేది తక్కువ. క్లాసు జరిగిన రోజే రాత్రిలోగా ఒక గంట కూర్చుని, నోట్స్ మూసేసి, ఆరోజు బోర్డు మీద చేసిన ప్రాబ్లం మళ్లీ మీ అంతట మీరు చేయండి. హాస్టల్ గదిలో ఆ గంట కుదరదు, నలుగురు ఉన్న గదిలో ఎప్పుడూ ఏదో ఒక కబురు నడుస్తూనే ఉంటుంది. లైబ్రరీకో రీడింగ్ హాలుకో వెళ్లండి, ఫోన్ గదిలోనే వదిలేయండి. పాత క్వశ్చన్ పేపర్లు సెమిస్టర్ చివర కాకుండా మొదటి నెలలోనే జెరాక్స్ తీయించుకోండి, యూనిట్‌లో ఏది ముఖ్యమో తెలుస్తుంది. యూట్యూబ్ పాఠాలు మంచివే, ఐఐటీలు, ఐఐఎస్‌సీ కలిసి 2003లో మొదలుపెట్టిన ఎన్‌పీటెల్ పాఠాలు ఉచితంగా దొరుకుతాయి. కానీ వీడియో చూసినంతసేపు అంతా అర్థమైనట్టే ఉంటుంది. ఆపి, అదే లెక్క కాయితం మీద చేస్తేనే అర్థమైందో లేదో తేలుతుంది.

అడగడం

లెక్చరర్‌ను ప్రశ్న అడగడానికి ఇంటర్‌లో సమయం ఉండేది కాదు, సిలబస్ పరుగులు పెట్టేది. ఆ మొహమాటమే ఇక్కడికీ వచ్చింది. క్లాసులో అందరి ముందూ అడగలేకపోతే పీరియడ్ అయ్యాక స్టాఫ్‌రూమ్‌కు వెళ్లండి. అయితే ‘సార్, ఈ చాప్టర్ అర్థం కాలేదు’ అంటే ఏ మాస్టారూ సాయం చేయలేరు, ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో ఆయనకూ తెలియదు. మీరు చేసిన లెక్క తీసుకెళ్లి, ‘సార్, మూడో స్టెప్పులో మైనస్ ఎలా వచ్చిందో తెలియట్లేదు’ అనండి. రెండు నిమిషాల్లో జవాబు వస్తుంది, మీరు ప్రయత్నం చేసి వచ్చారని ఆయనకు తెలుస్తుంది, రెండోసారి వెళ్లడానికి భయం పోతుంది.

తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్లకు ఈ మాట ఇంకా గట్టిగా చెప్పాలి. మొదటి వారాల్లో ఇంగ్లీషు లెక్చరు సగం తలమీదుగా పోతుంది. వెనక బెంచీకి వెళ్లిపోవాలనిపిస్తుంది. వెళ్లకండి. సందేహం తెలుగులో అడగండి. మన కాలేజీల్లో పాఠం చెప్పేవాళ్లలో చాలామంది మీలాగే జిల్లా పరిషత్ స్కూలు బెంచీల నుంచి వచ్చినవాళ్లే, తెలుగులో అడిగితే తెలుగులోనే చెబుతారు. ఏఐసీటీఈ ఈ-కుంభ్ పోర్టల్‌లో మొదటి సంవత్సరం పాఠ్యపుస్తకాలు తెలుగులో కూడా ఉచితంగా ఉన్నాయి. విషయం ముందు తెలుగులో అర్థం చేసుకుని, తర్వాత అదే పేజీ ఇంగ్లీషు పుస్తకంలో చదవండి. పరీక్షలో రాయాల్సింది ఇంగ్లీషులోనే కాబట్టి రోజుకొక జవాబు మీ సొంత వాక్యాల్లో రాసి చూసుకోండి. చిన్న వాక్యాలైనా చాలు. ఇంగ్లీషు ల్యాబ్‌లో నోరు తెరిచి తప్పులు మాట్లాడే హక్కు మీకు ఉంది, ఆ ల్యాబ్ పెట్టింది అందుకే. రెండో సెమిస్టర్‌కల్లా వినడం ఇబ్బందిగా ఉండదు. మాట్లాడటానికి ఇంకొంత కాలం పడుతుంది.

ర్యాంకు, కేటగిరీ, బ్రాంచి

కొత్తగా కలిసినవాళ్లు మొదటి రోజుల్లో ఒకరినొకరు అడిగే ప్రశ్నలు మనకు తెలిసినవే. ‘నీ ర్యాంకెంత? ఈ ర్యాంకుకు సీటెలా వచ్చింది? ఏ కేటగిరీ?’ ఇంటిపేరు ఆరా తీయడం కూడా దీంట్లో భాగమే. అడిగినవాడికి అది కాలక్షేపం కావచ్చు, జవాబు చెప్పాల్సినవాడికి ఆ ఏడాదంతా గుచ్చుతుంది. రిజర్వేషన్ కింద వచ్చినా, మేనేజ్‌మెంట్ కోటాలో వచ్చినా, స్పాట్ అడ్మిషన్‌లో వచ్చినా సిలబస్ ఒకటే, పేపర్ ఒకటే. మీరు ఆ ప్రశ్న అడగకండి. మిమ్మల్ని అడిగితే చెప్పాల్సిన బాధ్యత మీకు లేదు, ‘అయిపోయిందిగా, వదిలెయ్’ అని మాట మార్చండి. ఇంటర్‌లో సెక్షన్లు ర్యాంకులను బట్టి విడదీసినందువల్ల మనుషుల్ని అంకెలతో కొలిచే అలవాటు మనకు అంటుకుంది. దాన్ని కాలేజీ గేటు దగ్గరే వదిలేసినవాళ్లకు మంచి స్నేహితులు దొరుకుతారు.

కోరుకున్న బ్రాంచి రానివాళ్ల బాధ వేరు. సీఎస్ఈ అనుకుంటే సివిల్ వచ్చింది, ఎన్ఐటీ అనుకుంటే ఊరి పక్క కాలేజీ వచ్చింది. ఆ దిగులు నిజమైనదే, ‘అదేం లేదులే’ అని కొట్టిపారేయను. అయితే ఒక్క విషయం తెలుసుకోండి. మొదటి ఏడాది సబ్జెక్టులు దాదాపు అన్ని బ్రాంచీలకూ ఉమ్మడివి. మ్యాథ్స్, ప్రోగ్రామింగ్, ఫిజిక్స్ లేదా కెమిస్ట్రీ, డ్రాయింగ్, ఇంగ్లీషు కాస్త అటూ ఇటూగా అందరూ చదువుతారు. ఈ ఏడాది మీరు బాగా చదివింది ఏ బ్రాంచిలో ఉన్నా మీతోనే వస్తుంది. కొన్ని కాలేజీల్లో మొదటి ఏడాది మార్కులను బట్టి బ్రాంచి మారే వీలుంటుంది, మీ రెగ్యులేషన్‌లో చూడండి. మళ్లీ ఈఏపీసెట్ రాస్తానని కాలేజీలో పేరుంచుకుని సగం మనసుతో కూర్చోవడం మాత్రం వద్దు. లాంగ్ టర్మ్ కోచింగ్ తీసుకుంటారా, కాలేజీలో ఉంటారా అనేది మొదటి నెలలో ఇంట్లో కూర్చుని తేల్చుకోండి. రెండు పడవల మీద కాళ్లు పెట్టినవాళ్లకు ర్యాంకూ మెరుగుపడక, సెమిస్టరూ పోవడం ఎక్కువగా జరుగుతుంది.

సీనియర్లు, డబ్బు

చేరేటప్పుడు ర్యాగింగ్ చేయబోమని, చేస్తే శిక్షకు సిద్ధమని మీరూ మీ నాన్నగారూ అఫిడవిట్ ఇచ్చారు. అది ఊరికే పెట్టిన సంతకం కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లోనే ర్యాగింగ్ నిషేధ చట్టం వచ్చింది, 2009లో యూజీసీ కఠినమైన నిబంధనలు తెచ్చింది. పేరు, ఊరు అడిగి, ఏ పుస్తకం మంచిదో చెప్పి, పాత డ్రాఫ్టర్ చేతికిచ్చే సీనియర్లు చాలామంది ఉంటారు, వాళ్లతో కలిసి ఉండండి. అవమానించడం, గదికి పిలిపించి నిలబెట్టడం, రికార్డులు రాయించుకోవడం, డబ్బు అడగడం, చెయ్యి చేసుకోవడం ర్యాగింగే, ‘ఫ్రీ అవడానికే’ అని ఎన్ని చెప్పినా సరే. మొదటిసారే వార్డెన్‌కో, కాలేజీ యాంటీ ర్యాగింగ్ కమిటీకో చెప్పండి. అక్కడ పట్టించుకోకపోతే 1800-180-5522 నంబరుకు ఏ సమయంలోనైనా ఫోన్ చేయవచ్చు. పక్కవాడికి జరుగుతుంటే మీరు చేసినా చెల్లుతుంది.

డబ్బు విషయంలో ఒకటే కీలకం, ఇంటినుంచి నెలకు ఒకేసారి తెప్పించుకోవడం. అవసరమైనప్పుడల్లా ఐదు వందలు ఫోన్‌పే చేయించుకుంటే నెలకు ఎంతయిందో మీకూ తెలియదు, నాన్నకూ తెలియదు. వచ్చిన రోజే మెస్ బిల్లు, బస్ పాస్, జెరాక్స్ ఖర్చులు పక్కన పెట్టేయండి.

ఇక హాస్టళ్లలో నిశ్శబ్దంగా పాకుతున్న ఒక పీడ గురించి చెప్పక తప్పదు. క్రికెట్ సీజన్‌లో బెట్టింగ్ యాప్, పోయిన డబ్బు పూడ్చడానికి లోన్ యాప్, దాని వడ్డీకి ఇంకో లోన్ యాప్. తెలంగాణలో 2017లోనూ, ఆంధ్రప్రదేశ్‌లో 2020లోనూ చట్టాలు సవరించి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించారు. మీ ఫోన్లో అది నడుస్తోందంటే చట్టబద్ధమని అర్థం కాదు. లోన్ యాప్ వాళ్లు కాంటాక్టులన్నిటికీ ఫోన్లు చేస్తామని, ఫొటోలు మార్చి పంపుతామని బెదిరిస్తారు. ఆ పరిస్థితి వస్తే ఇంకో అప్పు చేయకండి. ముందు ఇంట్లో చెప్పండి, తర్వాత 1930 సైబర్ క్రైమ్ నంబరుకు ఫిర్యాదు చేయండి. ఇంట్లో తిట్లు తినడం కష్టమే. కానీ ఆ రోజుతో అప్పు పెరగడం ఆగిపోతుంది.

ఇంటికి ఫోను

రోజూ రాత్రి అమ్మ ఫోన్ చేస్తుంది. ‘తిన్నావా?’ ‘ఆఁ.’ ‘బాగా చదువుతున్నావా?’ ‘ఆఁ.’ అక్కడితో అయిపోతుంది. మొదటి సెమిస్టర్ ఫలితాలొచ్చి రెండు సబ్జెక్టులు పోయాక ఆ ‘ఆఁ’ బరువెక్కుతుంది. చెప్పకుండా దాచినకొద్దీ ఇంటికి వెళ్లడం తగ్గిస్తారు, ఫోన్ ఎత్తడం తగ్గిస్తారు, చివరికి క్లాసుకు వెళ్లడం మానేస్తారు. రెండు బ్యాక్‌లాగ్‌ల వల్ల జీవితం ఆగిపోదు. సప్లిమెంటరీ ఉంటుంది, నోటిఫికేషన్ రాగానే ఫీజు కట్టి రాస్తే చాలామంది క్లియర్ చేసుకుంటారు. దాచినందువల్ల జరిగే నష్టమే పెద్దది. అందుకని మార్కులు వచ్చిన రోజే ఇంటికి ఫోన్ చేసి మూడు ముక్కలు చెప్పండి. ఏ సబ్జెక్టు పోయింది, ఎందుకు పోయింది, సప్లీ ఎప్పుడు. తాము చదవని సబ్జెక్టుల గురించి అమ్మానాన్నలకు పెద్దగా తెలియకపోవచ్చు. పిల్లలు నిజం చెబుతున్నారో లేదో మాత్రం వాళ్లకు బాగా తెలుస్తుంది.

తల్లిదండ్రులు ఈ పేజీ చదువుతుంటే వాళ్లకూ ఒక విన్నపం. మార్కుల ఫోన్ వచ్చిన రాత్రి పక్కింటి అబ్బాయి ఊసెత్తకండి, కట్టిన ఫీజు లెక్క చెప్పకండి. ‘సరే, సప్లీకి ఏం కావాలి?’ అని అడగండి.

చివరగా, హాస్టల్లో ఉండేవాళ్లందరికీ. మీ కారిడార్‌లో ఒకబ్బాయి వరసగా మెస్‌కు రావడం మానేస్తే, ఒకమ్మాయి రెండు రోజులుగా దుప్పటి కప్పుకుని పడుకునే ఉంటే, ‘వాళ్ల మూడ్ బాగాలేదు’ అని వదిలేయకండి. ర్యాంకులు, ఫలితాల ఒత్తిడిలో మన రెండు రాష్ట్రాలూ పిల్లల్ని పోగొట్టుకున్నాయి, ఇంకా పోగొట్టుకుంటున్నాయి. తలుపు తట్టి లోపలికి వెళ్లి కూర్చోండి, మెస్‌కు వెంట తీసుకెళ్లండి, పరిస్థితి తేడాగా అనిపిస్తే ఒంటరిగా వదలకుండా వార్డెన్‌ను పిలవండి. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీమానస్‌కు 14416 నంబరు ఉంది. పగలైనా రాత్రైనా ఉచితంగా, తెలుగులో మాట్లాడవచ్చు. మీకోసం చేయవచ్చు, మీ స్నేహితుడి కోసం సలహా అడగడానికీ చేయవచ్చు. ఆ నంబరును ఇప్పుడే ఫోన్లో సేవ్ చేసుకోండి, మీ రూమ్మేట్ చేత కూడా చేయించండి.